చిన్న బ్రూవరీల బీరును రుచి చూడటం, ఇంకొకరికి సూచించడం ఎలా?

చిన్న బ్రూవరీల, అంటే బీరు కాచే చిన్న కేంద్రాల, బీరు గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు రెండు. రుచి పట్టుకోవడం ఎలా? నచ్చితే పక్కవారికి చెప్పడం ఎలా? రెండోదానికి చాలామంది దగ్గరున్న జవాబు "అదిరిపోయింది, తాగి చూడు" అనే మాట. దాంతో ఎదుటివారికి తెలిసేది ఏమీ ఉండదు. చేదు పడనివారు ఆ మాట నమ్మి ఘాటైన ఐపీఏ అనే బాగా చేదైన బీరు కొనుక్కుని, రెండు గుటకలు తాగి పక్కన పెట్టేస్తారు.

చిన్న బ్రూవరీలతో ఇంకో చిక్కు కూడా ఉంది. పేరు అదే, లేబుల్ అదే, కానీ పోయినసారి బ్యాచ్, ఈసారి బ్యాచ్ ఒకేలా ఉండకపోవచ్చు. బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే పువ్వుల పంట ఏటా మారుతుంది. చాలాచోట్ల పాశ్చరైజ్ చేయరు, అంటే వేడిచేసి సూక్ష్మజీవులను చంపరు. అందుకే ఇక్కడ బీరు పేరు చెప్పడం సగం పనే. ఏ తేదీది, ఎలాంటి రుచి, ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అన్నవి మిగతా సగం.

మొదలుపెట్టేముందు ఒక మాట. చట్టం ఒప్పుకునే వయసు వచ్చినవారికే ఇది. బండి నడపాల్సిన రోజు, మందులు వాడుతున్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు వద్దు. తాగనివారిని "కొంచెం రుచి చూడు" అని బలవంతపెట్టకండి.

కావలసినవి

– మూడు లేదా నాలుగు రకాల బీర్లు. అంతకు మించితే నాలుక అలసిపోతుంది, పైగా మత్తు తీర్పు చెప్పడం మొదలుపెడుతుంది.
– ఒకే ఆకారంలో ఉన్న గ్లాసులు. కింద వెడల్పుగా, పైన కాస్త ముడుచుకుని ఉండే ట్యూలిప్ గ్లాసు అన్నిటికన్నా మేలు. లేకపోతే మామూలు వైన్ గ్లాసు చాలు.
– చల్లగా లేని మంచినీళ్లు, ఉప్పు లేని బ్రెడ్ ముక్కలు.
– పారబోయడానికి ఒక గిన్నె.
– కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు గానీ, ఫోన్ చేతిలో ఉంటే రేటింగ్‌లు చూడాలనిపిస్తుంది. అదే ప్రమాదం.

సెంటు, అగరుబత్తి, వంటింటి పోపు, సిగరెట్ పొగ దగ్గర్లో ఉండకూడదు. అప్పుడే కాఫీ తాగినా, పళ్లు తోముకున్నా అరగంటైనా ఆగండి.

1. ముందు తేదీ చూడండి

క్యాన్ అడుగున లేదా సీసా మెడ మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది. హాప్స్ వాసనే ప్రాణమైన ఐపీఏ, పేల్ ఏల్ లాంటివి మూడు నెలల లోపువైతే మంచిది. మబ్బుపట్టినట్టు కనిపించే హేజీ ఐపీఏ ఎంత తాజాగా ఉంటే అంత మంచిది. పిల్స్‌నర్, హెల్లెస్ లాంటి లేత లాగర్లు (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీర్లు) కూడా పాతబడితే మెరుగుపడవు. ఏడాది దాటినా తట్టుకునేవి బలమైన ఇంపీరియల్ స్టౌట్ (నల్లటి బీరు), బార్లీ వైన్ (పేరు వైనైనా బీరే), కొన్ని పుల్లటి బీర్లు మాత్రమే.

కొన్ని బ్రూవరీలు ప్యాక్ చేసిన తేదీ బదులు "ఫలానా తేదీలోపు వాడండి" అని మాత్రమే వేస్తాయి. అది చూసి మోసపోకండి. గడువు ఇంకా ఉన్నా ఐపీఏలో హాప్స్ వాసన ఎప్పుడో పోయి ఉండవచ్చు. ఏ తేదీ లేని ఐపీఏని ఎవరికీ సూచించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హెచ్చరిక: పండ్ల గుజ్జు వేసిన, పాశ్చరైజ్ చేయని పుల్లటి బీర్లను ఫ్రిజ్‌లోనే ఉంచండి. బయట వెచ్చగా ఉంటే లోపల మిగిలిన చక్కెరను ఈస్ట్ మళ్లీ తినడం మొదలుపెడుతుంది, గ్యాస్ పెరిగి క్యాన్ పేలవచ్చు. ఉబ్బిన క్యాన్‌ను మొహం దగ్గర పెట్టుకుని తెరవకండి.

2. గ్లాసును పరీక్షించండి

ఈ అడుగు దాటేసేవారే ఎక్కువ. కంటికి మెరుస్తున్న గ్లాసు బీరుకు శుభ్రమైన గ్లాసు కాకపోవచ్చు. గ్లాసును నీళ్లలో ముంచి తలకిందులుగా పట్టుకోండి. నీరు లోపలి అంచుల వెంట ఒకే పొరలా జారిపోతే సరే. చుక్కలు చుక్కలుగా విడిపోయి అంటుకుంటే జిడ్డు ఉన్నట్టు. బీరు పోశాక గ్లాసు గోడలకు బుడగలు గుంపులుగా అతుక్కుని ఉన్నా అదే గుర్తు. జిడ్డు నురగను చంపేస్తుంది, సబ్బు వాసన హాప్స్‌ను కప్పేస్తుంది. తప్పు గ్లాసుది, చెడ్డపేరు బ్రూవరీది.

గుడ్డతో తుడవకండి. బోర్లించి గాలికి ఆరనివ్వండి.

3. చల్లదనం సరిచూసుకోండి

గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టడం ఆపేయండి. మంచు పట్టిన గ్లాసులో ఏ బీరైనా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే ఏ వాసనా పైకి రాదు.

లాగర్లు 4 నుంచి 7 డిగ్రీల సెల్సియస్, పేల్ ఏల్, ఐపీఏలు 7 నుంచి 10, స్టౌట్లు, బలమైన బీర్లు 10 నుంచి 13 మధ్య బాగుంటాయి. థర్మామీటర్ అక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసి లాగర్‌ను ఐదు నిమిషాల్లో, ఐపీఏని పది పదిహేను నిమిషాల్లో, స్టౌట్‌ను అరగంటకు తెరవండి. ఎండాకాలమైతే ఇందులో సగం సమయం చాలు. మరీ చల్లగా ఉందనిపిస్తే గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకోండి.

4. వరుస పెట్టుకోండి

తేలికైనది ముందు, బలమైనది తర్వాత. చేదు తక్కువది ముందు, ఎక్కువది తర్వాత. పుల్లటివి, పొగ వాసన గలవి, బాగా తియ్యటివి చివరికి. రంగు చూసి వరుస పెట్టకండి. నల్లగా ఉండే గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4 శాతం పైచిలుకే. బంగారు రంగులో మెరిసే బెల్జియం బీరు డువెల్‌లో 8.5 శాతం.

ఒక్కో రకం 60 నుంచి 100 మి.లీ. పోసుకుంటే సరిపోతుంది. 10 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మి.లీ. స్టౌట్ మొత్తం తాగితే 5 శాతం బీరు 660 మి.లీ. తాగినట్టే. ఈ లెక్క మీకూ కావాలి, మీరు సూచించేవారికీ కావాలి.

5. నురగ వచ్చేలా పోయండి

గ్లాసును వంచి పట్టుకుని మొదలుపెట్టండి, సగమయ్యాక నిటారుగా చేసి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి. నురగ లేకుండా పోయడం గొప్ప కాదు. వాసన మోసుకొచ్చేది ఆ నురగే, పైగా రాని నురగ కడుపులో గ్యాస్ అవుతుంది.

సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటే? హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరు అయితే చివర్లో సీసాను మెల్లగా తిప్పి మడ్డితో సహా పోయడం ఆనవాయితీ. మిగతావాటిలో ఆ చివరి భాగాన్ని సీసాలోనే వదిలేయండి.

6. చూడటం కన్నా ముందు వాసన

కొన్ని వాసనలు పోసిన నిమిషంలోపే ఎగిరిపోతాయి. కాబట్టి రంగు సంగతి తర్వాత. గ్లాసును ముక్కుకు కాస్త దూరం నుంచి ఒకసారి అటూ ఇటూ కదపండి. తర్వాత దగ్గరగా పెట్టుకుని రెండు మూడు చిన్న పీల్పులు. ఏమీ తెలియకపోతే అరచేత్తో గ్లాసు మూతి మూసి, గుండ్రంగా తిప్పి, చెయ్యి తీస్తూ పీల్చండి.

మొదట పెద్ద పేర్ల కోసం వెతక్కండి. మూడే ప్రశ్నలు వేసుకోండి. గింజల వాసన ఉందా? అంటే బ్రెడ్, బిస్కెట్, మాడిన చక్కెర, కాఫీ లాంటివి: అది మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ లాంటి గింజలు. ఆకులు, పువ్వులు, నిమ్మజాతి పండ్లు, దేవదారు జిగురు ఉన్నాయా? అది హాప్స్. అరటిపండు, లవంగం, మిరియం లాంటివి ఉన్నాయా? చాలావరకు ఈస్ట్ పని. ఈ మూడు గదుల్లో ఏదో ఒక దానిలో వేయగలిగితే సగం పని అయినట్టే. "ఏదో పండు" అని రాసుకున్నా తప్పు లేదు. "నిమ్మజాతి పండు" అన్నది మెరుగు. "పంపరపనస తొక్క" అనగలిగితే ఇంకా మెరుగు.

ముక్కు మొద్దుబారినట్టు అనిపిస్తే మీ చొక్కా చేతిని ఒకసారి వాసన చూడండి. మళ్లీ మామూలవుతుంది.

రంగు, తేట, నురగ ఒక్క చూపులో రాసేయండి. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ పోటీల మార్కుల పత్రంలో మొత్తం 50 మార్కులకు కంటికి కనిపించేదానికి వేసేది 3 మాత్రమే. వాసనకు 12, రుచికి 20.

7. మొదటి గుటకకు మార్కులు వేయకండి

మొదటి గుటక నోరు కడగడానికి. రెండోదాన్ని నాలుక అంతటా పారించి, మూడు నాలుగు సెకన్లు ఉంచి మింగండి. మింగాక నోరు మూసుకునే ముక్కుతో గాలి వదలండి. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం ఆ గాలిలోనే దొరుకుతుంది. ముక్కు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి తాగి చూస్తే మీకే అర్థమవుతుంది.

ఉమ్మేసినా వాసన, తీపి తెలుస్తాయి గానీ, బీరులో చేదు మింగాకే పూర్తిగా పైకి వస్తుంది. అందుకే ఒక్కో రకానికి రెండు మూడు గుటకలు మింగి, మిగిలినది గిన్నెలో పోసేయండి. మంచి బీరు పారబోయడం బాధే. కానీ నాలుగో గ్లాసు మీద మీ మాటకు విలువ ఉండాలంటే తప్పదు.

గమనించాల్సినవి: తీపి ముందు వచ్చి చేదు తర్వాత వచ్చిందా, లేక రెండూ కలిసి వచ్చాయా? చేదు శుభ్రంగా తెగిపోయిందా, నాలుక మీద గీరినట్టు ఉండిపోయిందా? నోట్లో నీళ్లలా ఉందా, పాలలా చిక్కగా ఉందా? గొంతులో వెచ్చదనం ఉందా? లేబుల్ మీది ఐబీయూ అంకెను నమ్ముకోకండి. అది చేదు పదార్థాల కొలత, మీ నాలుకకు తగిలే చేదు కాదు. 60 ఐబీయూల స్టౌట్‌లో మాల్ట్ తీపి చేదును కప్పేయవచ్చు, 40 ఐబీయూల పిల్స్‌నర్ దానికన్నా చేదుగా అనిపించవచ్చు.

8. దోషమా, శైలా? ఇక్కడ తొందరపడకండి

ఎక్కువ తప్పు తీర్పులు ఇక్కడే వస్తాయి. అరటిపండు వాసన హెఫెవైజెన్‌కు అందం, పిల్స్‌నర్‌లో వస్తే దోషం. పులుపు గోజ, బెర్లినర్ వైసె లాంటి బీర్ల స్వభావం. అదే పులుపు పేల్ ఏల్‌లో వస్తే ఏదో బ్యాక్టీరియా దూరినట్టు. కాబట్టి లేబుల్ మీద శైలి ఏమని రాశారో చూసి తీర్పు చెప్పండి.

ఎక్కువగా తగిలే దోషాలు ఇవి:

– తడిసిన అట్టపెట్టె వాసన: గాలి తగిలింది, లేదా పాతబడింది. హేజీ ఐపీఏ అయితే రంగు కూడా మసకబారి గోధుమ రంగుకు తిరుగుతుంది.
– వెన్న, బటర్‌స్కాచ్, నాలుక మీద జారుడు: డైఎసిటైల్. ఈస్ట్ పని పూర్తికాకముందే బీరును తీసేసినా, పీపాలోంచి గ్లాసుకు బీరు తెచ్చే డ్రాఫ్ట్ పైపులు శుభ్రంగా లేకపోయినా వస్తుంది. కొన్ని చెక్ లాగర్లలో, ఇంగ్లిష్ ఏల్‌లలో కాస్త ఉంటే తప్పు పట్టరు.
– పచ్చి ఆపిల్: ఎసిటాల్డిహైడ్. ఎక్కువసార్లు బీరు ఇంకా పచ్చిగా ఉందని అర్థం.
– ఉడికిన మొక్కజొన్న: డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్). లేత లాగర్లలో లీలగా ఉంటే సరే, మిగతాచోట్ల కాదు.
– బ్యాండేజీ, ఆసుపత్రి వాసన: తరచుగా నీళ్లలోనో, శుభ్రం చేసే మందులోనో ఉన్న క్లోరిన్ వల్ల. దీన్ని శైలి ఖాతాలో వేయడం దాదాపు కుదరదు.
– ఎండదెబ్బ వాసన: హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలి విరిగి, గంధకం కలిసిన ఒక ఘాటైన పదార్థంగా మారతాయి. క్యాన్‌లో ఈ బెడద లేదు, ముదురు గోధుమ రంగు సీసా చాలావరకు కాపాడుతుంది. ఆకుపచ్చ సీసా, రంగులేని సీసా కాపాడలేవు.

చివరిదాన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా లేదు. క్యాన్‌లోని పేల్ ఏల్‌ను రెండు గాజు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒకటి నేరుగా ఎండలో పావుగంట ఉంచండి, ఇంకోటి మూతపెట్టి చీకట్లో అంతసేపే ఉంచండి. ఎండలోది వెచ్చబడుతుంది కాబట్టి రెండింటినీ మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, ఒకే చల్లదనానికి వచ్చాక వాసన చూడండి. చీకట్లో ఉంచినదాంట్లో నిమ్మతొక్క, పూల వాసన ఇంకా ఉంటుంది. ఎండలో ఉంచినదాంట్లో రబ్బరు కాలినట్టు, ఏదో జంతువు తిరిగి వెళ్లినట్టు ఒక కంపు ముక్కుకు కొడుతుంది. ఒక్కసారి పట్టుకుంటే ఇక జన్మలో మరిచిపోరు. తేడా ఏమీ రాకపోతే ఆ బ్రూవరీ వెలుతురును తట్టుకునేలా మార్చిన హాప్ సారం వాడుతుండవచ్చు, ఇంకో బీరుతో ప్రయత్నించండి.

దోషం అనిపిస్తే వెంటనే బ్రూవరీని తిట్టేయకండి. సీసా దారిలోనో, కొట్టు కిటికీలోనో చెడిపోయి ఉండవచ్చు. వేరే కొట్టులో, వేరే తేదీది ఇంకొకటి తెచ్చి చూడండి. రెండింటిలోనూ అదే ఉంటే అప్పుడు అనండి. చిన్న బ్రూవరీకి బ్యాచ్ నంబర్, తేదీతో సహా రాసి పంపితే చాలాసార్లు శ్రద్ధగా చదువుతారు.

9. అక్కడికక్కడే రాయండి

రేపు రాద్దాం అనుకుంటే మిగిలేది "బాగుంది" ఒక్కటే. పేరు, శైలి, ఆల్కహాల్ శాతం, తేదీ, క్యానా సీసానా డ్రాఫ్టా, వాసనలో రెండు మాటలు, రుచిలో రెండు మాటలు, చివర్లో మిగిలేది ఒక మాట. చాలు. గ్లాసు ఖాళీ అయ్యే సమయానికి బీరు వెచ్చబడుతుంది కదా, అప్పుడు ఇంకోసారి వాసన చూసి మారినది కలపండి. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న దోషాలు అప్పుడే బయటపడతాయి.

10. సూచించేముందు ఎదుటివారిని అడగండి

"మీకు చేదు ఇష్టమేనా?" అని అడగకండి. సరైన జవాబు రాదు. ఇలా అడగండి: కాఫీ పాలు, చక్కెర లేకుండా తాగుతారా? పుల్లటి పండ్లు ఇష్టమా, తియ్యటివా? ఇంతకుముందు తాగి నచ్చని బీరు ఏది? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబు మొదటి రెండింటికన్నా ఎక్కువ పనికొస్తుంది.

మామూలు లాగర్‌కు అలవాటుపడినవారికి హెల్లెస్, కోల్ష్ (జర్మనీ తేలిక బీరు), తర్వాత పిల్స్‌నర్. చక్కెర లేని కాఫీ, డార్క్ చాక్లెట్ ఇష్టపడేవారికి పోర్టర్, డ్రై స్టౌట్ లాంటి ముదురు రంగు బీర్లు. పులుపు ప్రియులకు గోజ, బెర్లినర్ వైసె. చేదు అస్సలు వద్దనేవారికి హెఫెవైజెన్, విట్‌బియర్ (బెల్జియం గోధుమ బీరు). పంపరపనస చేదు నచ్చేవారికి పేల్ ఏల్, అది కుదిరితే ఐపీఏ. మొదటిసారే డబుల్ ఐపీఏ (ఇంకా బలమైన ఐపీఏ) చేతిలో పెట్టడం వద్దు.

పడనివి కూడా అడగండి. బార్లీ, గోధుమల్లో గ్లూటెన్ ఉంటుంది. మిల్క్ స్టౌట్‌లో పాల చక్కెర వేస్తారు. కొన్ని తియ్యటి స్టౌట్లలో గింజపప్పులు కలుపుతారు.

11. సూచన రాయండి

ఒక నమూనా:

"గోజ శైలి, ఆల్కహాల్ 4.5 శాతం, క్యాన్, ప్యాక్ చేసి ఆరు వారాలు. నిమ్మ పులుపు ముందు తగులుతుంది, వెనక లీలగా ఉప్పు, ధనియాలు. చేదు దాదాపు లేదు, తేలికగా ఉంటుంది. పుల్లటి పానీయాలు ఇష్టపడేవారికి నచ్చుతుంది. చిక్కదనం, మాల్ట్ తీపి కోరుకునేవారికి వద్దు. బాగా చల్లగా తాగండి."

"వద్దు" అన్న వాక్యాన్ని మాత్రం వదిలేయకండి. ఎవరికి నచ్చదో చెప్పలేని సూచన ప్రకటన కింద లెక్క. బ్రూవరీ వాళ్లు ఉచితంగా ఇచ్చిన బీరైతే ఆ సంగతీ రాయండి.

తరచూ జరిగే పొరపాట్లు

నక్షత్రాల రేటింగ్ చూసి తాగడం మొదటిది. ఆ పట్టికల పైభాగంలో ఎక్కువగా కనిపించేవి బలమైన స్టౌట్లు, హేజీ ఐపీఏలు. రెండు గుటకల్లో ఆకట్టుకునేవి అవే మరి. దోషాన్ని దాచుకోవడానికి చోటు లేని పిల్స్‌నర్‌ను శుభ్రంగా కాచడం కష్టం, దానికి వచ్చే నక్షత్రాలు మాత్రం తక్కువ. ఒక బ్రూవరీ పనితనం తెలియాలంటే నేను ముందు వాళ్ల లాగర్ అడుగుతాను.

రెండోది, లేబుల్ మీద రాసిన రుచులను నోట్లో వెతుక్కోవడం. "మామిడి" అని చదివాక మామిడి దొరకడం పెద్ద పని కాదు. ముందు తాగండి, రాయండి, తర్వాత చదవండి. మూడోది, ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పడం. కనీసం రెండు వేర్వేరు రోజులు చూశాకే ఇంకొకరికి చెప్పండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడం

మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకోండి. రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో దగ్గరి రుచిగల ఇంకో బీరు. మీరు చూడకుండా వేరొకరు పోయాలి. రంగు తేడా ఉంటే కళ్లు మూసుకోండి. విడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది, కాబట్టి ఒక్కసారి గెలిస్తే లెక్క కాదు. వరుసగా మూడుసార్లు గుడ్డిగా సరిపోయే అవకాశం 27లో ఒకటే. అంతదూరం వస్తే మీ నాలుకను నమ్మవచ్చు.

రాతకు ఇంకో పరీక్ష. మీరు రుచి చూసిన మూడు బీర్లను, పేర్లు తీసేసిన మీ మూడు వివరణలను ఒక స్నేహితుడికి ఇవ్వండి. ఏ రాత ఏ గ్లాసుదో జత చేయమనండి. జత కుదరకపోతే మీ మాటలు ఏ బీరుకైనా సరిపోయేంత వదులుగా ఉన్నాయన్నమాట. "రిఫ్రెషింగ్", "స్మూత్", "బ్యాలెన్స్‌డ్" లాంటివి ముందుగా కొట్టేసి, వాటి చోట ముక్కుకు, నాలుకకు తగిలినదే రాయండి.

ఇక సూచన ఫలించిందా లేదా అన్నది "ఎలా ఉంది?" అని అడిగితే తెలియదు, మొహమాటానికి బాగుందనే అంటారు. గ్లాసు పూర్తి చేశారా, తర్వాత తమంతట తాము అదే కొనుక్కున్నారా అని అడగండి. లేదంటే ఆ వ్యక్తి పేరు పక్కన ఏది పడలేదో రాసి పెట్టుకోండి, వచ్చేసారి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.